వదిన వెయ్యని గుప్పెడు

స్టీలు గిన్నెలో గుప్పెడు బియ్యం పడితే వచ్చే చప్పుడు ఎప్పుడైనా విన్నారా? మొదటి గుప్పెడు గలగలమంటుంది. ఆ తర్వాతవి బియ్యం మీద బియ్యం పడి మెత్తగా ఉంటాయి. చిత్తూరులో మేముంటున్న ఈ అద్దె ఇంట్లో రోజూ ఆ చప్పుడుతోనే తెల్లవారుతుంది. మా అమ్మాయి కాలేజీ బస్సుకు ఎంత ఆలస్యమైనా, సగం జడతోనే వచ్చి గుప్పెడు బియ్యం గిన్నెలో వేసి, చేతికంటిన పొడిని చున్నీకి తుడుచుకుంటూ పరుగెత్తుతుంది. ఈ పద్ధతి మాకు నేర్పింది మా సుగుణ వదిన, మా అన్న భార్య. ఆమె పోయి ఇరవై ఏళ్ళవుతోంది. అయినా ఆ చప్పుడు వినగానే తిరుపతిలో మా ఉమ్మడి ఇల్లు, ఆ ఇంటి వంటగది గుమ్మం, ఆ గుమ్మంలో కొంగు బిగించి నిలబడ్డ వదిన కళ్ళ ముందుకొస్తారు.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాలకు కొదవుండదు. కొండకు వచ్చే ప్రతివాళ్ళకూ మేం గుర్తొచ్చేవాళ్ళం. సంచులు మా ఇంట్లో పడేసి, స్నానాలు చేసి, రాత్రి అన్నానికి వచ్చేస్తామని చెప్పి పైకెళ్ళేవాళ్ళు. దర్శనం ఎప్పుడవుతుందో ఆ స్వామికే తెలియాలి. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు కాబట్టి కనుక్కునే దారీ లేదు. తీరా దిగొచ్చి, పైనే భోజనాలైపోయాయని తీరిగ్గా చెప్పేవాళ్ళు. మా సంగతీ అంతంతమాత్రమే. అన్నకు కొండమీద ఆఫీసులో డ్యూటీ, ఏ పూట దిగుతాడో తనకే తెలియదు. నాకింకా పెళ్ళి కాలేదు, పూతలపట్టు దగ్గర బడిలో టీచరుని, బస్సు దయను బట్టి నా భోజనం. అన్న పిల్లలు ట్యూషన్ల మధ్య బజార్లోనే ఏదో ఒకటి తిని వచ్చేవాళ్ళు. రోజూ గిన్నెడు అన్నం మిగిలేది. ఒకప్పుడు మా సందు చివర బర్రెల కొట్టాలుండేవి, మిగిలింది కుడితిలోకి పోయేది. కొట్టాలు పోయి లాడ్జీలు లేచాక అది చెత్తబండి పాలైంది. సత్యవేడు పక్కన వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి మా వదిన. బండివాడికి ఆ సంచి అందించేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది.

ఒకరోజు వీధి తలుపు పక్కన, బండి తాళాలు తగిలించే చోట, ఒక బియ్యం డబ్బా, ఒక ఖాళీ గిన్నె ప్రత్యక్షమయ్యాయి. రాత్రికి ఇంట్లో తినేవాళ్ళు బయటికి పోయేముందు తమ ఆకలికి సరిపడా బియ్యం తమ చేత్తోనే గిన్నెలో వేసి పోవాలని వదిన ప్రకటించింది. వెయ్యనివాళ్ళు తిననట్టే లెక్క. హోటల్లో టోకెన్ తీసుకున్నట్టు ఉందని అన్న నవ్వాడు. మేమందరం నవ్వాం. వదిన మాత్రం నవ్వలేదు. నెల తిరిగేసరికి చెత్తబండికి ఇచ్చే సంచిలో కూరగాయల తొక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు.

చుట్టాలకూ అదే రూలు. నగరిలో మగ్గాలు నడిపే మా మేనమామ ఒకసారి వచ్చాడు. మాట పట్టింపు మనిషి. పైకి బయల్దేరుతుంటే వదిన గిన్నె చూపించింది. కొండకొచ్చినవాళ్ళను బియ్యం అడిగే ఇల్లు ఎక్కడా చూడలేదని ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. అన్న కంగారుపడి అడ్డం పోబోయాడు. వదిన గొంతు పెంచలేదు.

“బియ్యం మావే మామా. సెయ్యి మాత్రం మీది. మీ ఆకలి ఎంతుండాదో నాకెట్లా తెలిసేది?”

మామ సంచి కిందికి దించాడు. రెండు గుప్పిళ్ళు వేశాడు, ఆలోచించి అందులోంచి కొంచెం వెనక్కి తీశాడు. దర్శనం చేసుకుని వచ్చాక కాళ్ళు కూడా కడుక్కోకుండా తన అన్నం ఉందా అని అడిగి, కంచం అద్దంలా తుడిచినట్టు తిన్నాడు. ఆ తర్వాత నగరిలో మా ఇంటి గిన్నె గురించి చెప్పని రోజు లేదట.

నేను వెయ్యడం మరిచిపోయిన రోజులూ ఉన్నాయి. బస్సులో నలిగి, ఆకలితో నకనకలాడుతూ ఇంటికొస్తే, బియ్యం వెయ్యనివాళ్ళకు అన్నం లేదు పోయి పడుకోమని తిడుతూనే వదిన కంచం పెట్టేది. కంచం నిండుగా ఉండేది. ఇదెక్కడిదని అడిగితే, “సరిపోయిందిలే అబ్బోడా” అనేది. ఆమె చేతిలో ఏదో మహిమ ఉందనుకునేవాణ్ణి. మా ఇంట్లో ఒక్క మెతుకు కూడా పారెయ్యం అని బళ్ళో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం వదిన పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. అన్న డ్యూటీలో ఉన్నాడు. నేనే ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకుని అన్నం తినలేదని తేలింది. రోజూ ఏం తింటారు, ఎన్ని గంటలకు తింటారు అని డాక్టరమ్మ మామూలుగా అడిగింది.

“మిగిలింది తింటా మేడం,” అంది వదిన.

మిగలకపోతే అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. వదిన నా వైపు చూసింది. ఇంటి మాట బయట పెట్టాల్సి వచ్చినట్టు ఇబ్బందిపడి, “మిగలకపోతే ఏముండాది, మజ్జిగ తాగుతా” అంది. డాక్టరమ్మ రాయడం ఆపేసింది. నేను గోడమీద క్యాలెండరు వైపు తిరిగాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఉండబట్టలేక అడిగాను, గిన్నెలో నీ గుప్పెడేది వదినా అని. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

“బయటికి పోయేవాళ్ళు గదా వేసేది. నేను యాడికి పోతా?”

అప్పుడు అర్థమైంది. ఇల్లు దాటి వెళ్ళే అందరికీ అందులో చోటుంది, ఇంట్లోనే ఉండి వండే మనిషికి లేదు. ఆ లోటు ఆమెకే తట్టలేదు, ఇక మాకేం తడుతుంది? ఎవరో ఒకరు తక్కువ తింటే మిగిలేదే ఆమె భోజనం. నాలాంటివాడు మరిచిపోయిన రోజు అదీ పోయేది. రాత్రి చుట్టాలు తినకుండా పడుకుంటే పొద్దున ఆ చద్దన్నమంతా ఆమెదే. మా ఇంట్లో అన్నం మిగలడం ఏనాడూ ఆగలేదు. చెత్తబండికి పోయేది ఆమె కంచంలోకి పోయింది, అంతే.

ఆ మర్నాటి నుంచి అన్న డ్యూటీకి పోతూ వదిన గుప్పెడు కూడా తానే వేసేవాడు. ఆమె సిగ్గుపడి నవ్వేది. కానీ అలవాటు అంత తేలిగ్గా పోదు. వేడన్నం ఎవరికో ఒకరికి తీసిపెట్టి, తను చద్దన్నం గిన్నె ముందుకు లాక్కునేది. పక్కన కూర్చుని తినిపిస్తేనే వేడిది తినేది. అలా తిన్న రోజులు చాలా కొద్ది. మరుసటి ఏడాదే చక్కెర వల్ల కాలి పుండు మానక, ఆస్పత్రిలోనే పోయింది. నీ గుప్పెడేదన్న ఆ ప్రశ్న ఇంకాస్త ముందు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంటుంది.

కర్మ రోజున కల్యాణమండపంలో భోజనాలు పెట్టాం. పొద్దుటి నుంచీ వాన, పిలిచినవాళ్ళలో సగం మంది రాలేదు. పెద్ద గుండిగల్లో అన్నం అలాగే ఉండిపోయింది. తీసుకుపొమ్మని తెలిసినవాళ్ళకు ఫోన్లు చేశాం, వాన తెరిపిచ్చి వాళ్ళు వచ్చేసరికి అది చెడిపోయింది. అన్న గుండిగ ముందు నిలబడి నన్ను పిలిచాడు.

“ఈడ ఎవరి సెయ్యి అడిగి వండినార్రా?”

ఆమె పేరు మీద మేం చేసిన మొదటి పని, ఆమె జీవితమంతా చూడలేకపోయిన పని.

ఇప్పుడు మా ఇంట్లో గిన్నె అదే, పద్ధతి అదే, ఒక్క మార్పు తప్ప. ఆ రోజు వండేవాళ్ళే మొదటి గుప్పెడు వెయ్యాలి. అది పడకుండా ఇంకెవరూ డబ్బా ముట్టుకోకూడదు. ఈరోజు వంట నాది. మా అమ్మాయి బ్యాగు తగిలించుకుని, “నాయనా, నీది కానీ, బస్సెళ్ళిపోతాది” అని తొందరపెట్టింది. వేశాను. గలగలమంది. తిరుపతి ఇంట్లో ఆ మొదటి చప్పుడు వదిన వంటింట్లోంచి రోజూ వినేది. అది ఒక్కరోజు కూడా ఆమె చేతిది కాలేదు.