బోర్లించిన మగ్గు

మా కొండ కింది పబ్బులో, రోజూ వచ్చేవాళ్ళ మగ్గులు బార్ పైన కొక్కేలకు వేలాడుతుంటాయి. ఒకరి మగ్గులో ఇంకొకరు తాగరు. మనిషి పోతే అతని మగ్గును అరమీద బోర్లిస్తారు.

పొలాలకు కంచెలు కట్టే సైలస్ బెబ్ పెళ్ళి మానుకున్నాడు గానీ, ఆదివారం ఇక్కడ భోజనం ఏనాడూ మానలేదు. పొయ్యి పక్క కుర్చీ అతనిదే. తెలియక ఎవరైనా కూర్చుంటే, లేచేదాకా నెత్తిన నిలబడి దగ్గేవాడు. ప్రతివారం రోస్టు మాంసం సగం మింగాక, "గ్రేవీ చల్లారిపోయింది, దీన్ని కుక్క కూడా ముట్టదు" అని పళ్ళెం వెనక్కి పంపేవాడు. యజమానురాలు గ్వెనీ పళ్ళు కొరుక్కుంటూ వేడిచేసి తెచ్చేది. అలాంటి పీడ మీద జాలిపడేంత మంచివాళ్ళం కాదు మేము.

ఈ చలికాలం ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో చేరాడు. నిన్న ఆదివారం కర్ర పట్టుకుని మళ్ళీ వచ్చాడు. అతని కుర్చీలో ఎవరో పట్నం పిల్ల పుడ్డింగు తింటోంది. అతని మగ్గు అరమీద బోర్లించి ఉంది.

"ఎవరు చేశారీ పని? నేనింకా బతికే ఉన్నాగా!"

"నేనే. డాక్టరు ఏం చెప్పాడో ఊరంతా విన్నది సైలసూ" అంది గ్వెనీ. "ఇప్పుడు తిప్పి, మళ్ళీ బోర్లించడమెందుకు? అలాగే ఉండనీ. మామూలు గ్లాసులో పోస్తాలే."

పబ్బంతా పగలబడి నవ్వింది.

సైలస్ ఆ గ్లాసు పట్టుకుని, చలిగాలి కొట్టే తలుపు పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. గ్వెనీ రోస్టు తెచ్చి పెట్టింది. గ్రేవీ మీద కొవ్వు తెల్లగా పేరుకుపోయి ఉంది.

ఒక్క మాట అనకుండా పళ్ళెం ఖాళీ చేశాడు.