పెదనాన్నను సీట్లోంచి లేపిన పిల్ల

మద్రాసులో ఏమేం చూడాలో చెప్పడానికి మా ఇంట్లో నన్ను మించినవాడు లేడు. హిస్టరీ బి.ఏ. చదివాను మరి. చెప్పే చోట్లలో సగం నేనూ చూడలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తొంభైల మొదట్లో నెల్లూరు నుంచి పెదనాన్న వచ్చారు. ఆయన కూతురికి ఇక్కడి కాలేజీలో సీటొచ్చింది. వ్యాసర్పాడిలో మా ఇంట్లో ఉంచి చదివించడమా, నెల్లూరులోనే టైపు నేర్పించడమా అన్నది ఊరు చూశాక తేలుస్తారట. ఆ చెల్లెలు నాకు కార్డు రాసింది, మంచివి మాత్రమే చూపించమని. అందుకే మనలి ఫ్యాక్టరీల గాలి తగలకుండా, రైల్వే యార్డు కంటబడకుండా దారి వేశాను. ముందు ఎగ్మూరు మ్యూజియం, తర్వాత కోట, సాయంత్రం లైట్‌హౌసు. లోపలంతా చచ్చిన జంతువులే కాబట్టి మా పేటలో మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అంటారు. ఆ ముక్క పెదనాన్నకు చెప్పలేదు.

బస్సెక్కగానే ఆయన ఎడమ వైపు ఖాళీ సీట్లో పంచె సర్దుకుని కూర్చున్నారు. మద్రాసు బస్సుల్లో ఎడమ వైపంతా ఆడవాళ్ళది. పుట్టినప్పటి నుంచీ తెలిసిందే కాబట్టి చెప్పాలని నాకు తోచలేదు. రెండు స్టాపుల తర్వాత ఒక కాలేజీ పిల్ల ఎక్కి, పుస్తకాలు గుండెకు ఆనించుకుని ఆయన ముందు నిలబడింది.

"ఎళుందిరింగ సార్. లేడీస్ సీటు."

అరవం రాకపోయినా లెమ్మంటోందని ఆయనకు అర్థమైంది. ఆ పిల్ల గొంతు పెంచలేదు, అక్కణ్ణించి కదలనూ లేదు. మా వంశంలో పెదనాన్నను కూర్చున్నచోటి నుంచి లేపినవాళ్ళు అప్పటికి లేరు. ఆయన లేచారు. చెల్లెలి చదువు ఆ స్టాపులోనే దిగిపోయిందనుకున్నాను.

మ్యూజియంలో తిమింగలం ఎముకల కింద నుంచి ఆయన తలెత్తకుండా నడిచారు. కంచు విగ్రహాల ముందు నేను ఓ రెండొందల ఏళ్ళు అటూ ఇటూగా కాలాలు చెబుతుంటే తలాడించారు. అమరావతి శిల్పాల దగ్గర మాత్రం, మన గుంటూరు రాళ్ళు చూసేందుకు ఇంత దూరం రావాల్నా అన్నారు. కోట వద్దు, లైట్‌హౌసు వద్దు, ఇంటికి పదమన్నారు. తిరుగు బస్సులో సీటున్నా కూర్చోకుండా, కమ్మీ పట్టుకుని దారి పొడుగునా ఎడమ వైపే చూస్తూ వచ్చారు.

దిగాక టీ కొట్టు దగ్గర ఆగారు.

"అబ్బయా, ఆ పిల్ల నన్ను లేపింది సూసినావా?"

ఆమెకు మీరెవరో తెలీదు పెదనాన్నా, తప్పు నాదేనని చెప్పుకున్నాను.

"తెలిసినా లేపుంటాది. మన పిల్ల నా ముందర కూర్చునేదానికే బయపడతాది." టీ చల్లారేదాకా గ్లాసు తిప్పారు. "ఈడే సదవనీలే."

ఆ జూన్‌లో చెల్లెలు వచ్చింది. మ్యూజియం చూపిస్తానంటే తీరిక లేదంది. దీపావళికి పెదనాన్న వచ్చేసరికి, ఇంట్లో ఉన్న ఒక్క పేము కుర్చీలో కూర్చుని చదువుకుంటోంది. తలెత్తి నవ్వింది కానీ లేవలేదు. ఆయన చాప పరుచుకుని, తనకు కావలసింది చూసినవాడిలా హాయిగా కూర్చున్నారు.

అంతకుముందు ఆ కుర్చీ నాదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.