కత్తెర పెట్టే ముందు అడిగే మా విజయక్క

నిన్న మధ్యాహ్నం మల్కాజ్‌గిరి స్టేషన్లో లోకల్ ట్రైన్ కోసం నిలబడి ఉన్నాను. విజయక్క కూతురు ఫోన్ చేసింది. "మామా, అమ్మ..." అంది. అంతే.

ట్రైన్ వచ్చింది. పోయింది. నేను ఎక్కలేదు.

చిలకలగూడలో ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టిన మా విజయక్క ఇక లేదు. లంగ్ క్యాన్సర్. సిగరెట్ ముట్టని మనిషి.

ఆమె షాపుకి వెళ్లినవాళ్లకు తెలుసు. కొలతలు తీసుకున్నాక, బట్ట బల్ల మీద పరిచాక, కత్తెర పట్టుకుని మళ్లీ అడిగేది. మెడ ఇంత లోతు చాలా? చేతులు ఇంత పొడవు పెట్టాలా? అవతలి మనిషి వెళ్లిపోతే ఫోన్ చేసి మరీ అడిగేది.

"నీకు తెలియదా అక్కా, ఇన్నిసార్లు ఎందుకు?" అని ఒకసారి విసుక్కున్నాను.

"నాకెర్కే తమ్మీ. గని బట్ట ఆమెది గదా! కోసినంక మల్ల అతుకుతదా? మీటింగులల్ల గంటలు గంటలు హక్కులు అంటవ్, గిది సుత తెల్వదా నీకు?"

షాపంతా నవ్వారు. నేనూ నవ్వాను.

పోయినేడాది దగ్గు తగ్గడం లేదని స్కాన్, టెస్టులు చేయించారు. చిన్న గడ్డ. తొలి దశ. సర్జన్ ఆమెను బయట కూర్చోబెట్టి, లోపల భర్తకూ, ఆయన అన్నకూ చెప్పాడు. ఛాతీ అంతా తెరిచే పని లేదు, పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాల్లోంచి రోబోతో ఆపరేషన్ చేస్తాం, ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న భాగం వరకే తీస్తాం, కొద్ది రోజుల్లో ఇంటికి పంపిస్తాం అన్నాడు.

ఇంట్లో పెద్దలు నిర్ణయించారు. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట. పేరు చెబితే ఆమె గుండె ఆగిపోతుందట. "నిమ్ము" అని చెప్పి, ఎవరో ఇచ్చిన చూర్ణం తేనెలో కలిపి తాగించారు. ఆమె బుద్ధిగా తాగింది.

సైన్స్ మన వీధి చివరిదాకా వచ్చింది. మనం గుమ్మంలోనే ఆపేశాం.

రెండు నెలల క్రితం, ఆయాసం ముదిరాక, వేరే ఆసుపత్రిలో ఓ కుర్ర డాక్టర్ ఆమెతోనే అనేశాడు: "అప్పుడే సర్జరీ చేయించుకోవాల్సిందమ్మా, ఎందుకు వద్దన్నారు?"

ఆ సాయంత్రం నేను వెళ్లాను. ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపింది.

"నేను వద్దన్ననట తమ్మీ."

కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నన్ను అడిగిందెవరు?"

మాస్క్ మళ్లీ ఆమె ముఖం మీద సర్దాను.

కామెంట్లలో "ప్రేమతోనే దాచారు కదండీ" అని దయచేసి రాయకండి. మగవాళ్ల జబ్బయితే ఇలాగే దాస్తారా? ఆ సర్జన్ ఆమె భర్తని బయట కూర్చోబెట్టి ఆమెతో మాట్లాడేవాడా? రోబో వచ్చిందని గర్వంగా షేర్ చేస్తాం. మనిషికి తన జబ్బు పేరు చెప్పడం మాత్రం నేర్చుకోం. ఇలా రాస్తే మారతారని కూడా నాకు నమ్మకం లేదు. రేపు ఇంకో ఇంట్లో ఇంకో అక్క చూర్ణం తాగుతూ ఉంటుంది.

నిన్న సాయంత్రం ఆమె షాపు ముందు నుంచి వచ్చాను. సగం దింపిన షట్టర్ కింద నుంచి బల్ల కనిపించింది. దాని మీద, ఆమె మంచం పట్టకముందు పరిచిన ఎవరిదో ఆకుపచ్చ బట్ట అలాగే ఉంది. సుద్దతో గీతలు గీసి ఉన్నాయి. కొయ్యలేదు.

పోయిరా అక్కా. ఇంకో లోకం ఉందని నేను నమ్మను. కానీ దగ్గు లేని నిద్ర ఒకటి ఉంటే, అది నీకు దక్కాలి.