మిరియాల సంచి

సీలేరులో నేను కుట్టుమిషను పెట్టిన కొత్తలో నాకు పనంతా కాలనీ నుంచే వచ్చేది. నది మీద కరెంటు తీసే ప్రాజెక్టు, దాని క్వార్టర్లు, ఆ క్వార్టర్లలోకి వచ్చే జీతాలు. ఒకటో తారీకు దాటాక వారం రోజులపాటు జాకెట్లు, చీర ఫాల్సులు, కర్టెన్లు నా కొట్టు నిండా ఉండేవి. మా ఆయన ఆ పక్కనే క్యాంటీన్‌లో వంట చేసేవాడు. మాది కింద, మైదానంలో ఊరు. కొండ మీదికి వచ్చి ఎన్నేళ్ళయినా కొండవాళ్ళెవరూ నా కొట్టు మెట్లు ఎక్కలేదు. నేనూ వాళ్ళ ఊళ్ళకి వెళ్ళలేదు. సంతలో వాళ్ళ దగ్గర పసుపో చింతపండో కొనడం, అంతవరకే.

తర్వాత క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. కొందరు రిటైరయ్యారు, కొందరు బదిలీ మీద వెళ్ళారు. కొత్తగా వచ్చినవాళ్ళు పిల్లల చదువుల కోసం కుటుంబాల్ని విశాఖపట్నంలోనే ఉంచి ఒంటరిగా వచ్చేవారు. అలాంటివాళ్ళకి ప్యాంటు అంచు మడిచి కుట్టించుకోవడం తప్ప నాతో ఏం పని? కుట్టమని ఇచ్చిన కర్టెన్లు కూడా ఒకరిద్దరు తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే, "నువ్వే ఉంచుకోమ్మా, ఇక్కడి కిటికీలు వేరు," అన్నారు.

"మనూరెళ్ళిపోదామేటి?" అని మా ఆయన అడిగినప్పుడల్లా నేను కుట్టడానికి ఏమీ లేని మిషనుకి నూనె వేసేదాన్ని.

అలాంటి రోజుల్లో, సంక్రాంతి వెళ్ళాక, ఒకామె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నా ఈడే ఉంటుంది. ఎడమ మణికట్టు ఒక పక్కకి వంగి ఉంది. పై కొండ మీద ఊరని, కాఫీ తోట ఉందని చెప్పింది.

"సంచి కుడతావా అక్కా? మిరియాలు కోసుకోడానికి. రెండు సేతులూ కాళీగుండాల."

కాఫీ మొక్కలకి నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకిస్తారట. నిచ్చెన వేసుకుని పైకెక్కి కోయాలి. కిందటేడు ఆమె చేతికి బుట్ట తగిలించుకుని ఎక్కి, ఆ బరువుకి ఒరిగి పడిపోయింది. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంది.

"ఎక్కాలంటే బయ్యంగుంది. ఎక్కకపోతే ఎలాగ మరి?" అంది.

చాలా రోజుల తర్వాత వచ్చిన పని. నా పనితనమంతా చూపించాను. మందపాటి బట్ట, లోపల లైనింగు, చుట్టూ ఎర్ర పైపింగు, పైన జిప్పు, భుజానికి వెడల్పాటి పట్టీ. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలూపి తీసుకెళ్ళింది. వారం తిరిగేసరికి వెనక్కి తెచ్చింది.

"సోకుగుందక్కా. పెళ్ళికి పట్టుకెళ్ళొచ్చు. కోతకి పనికి రాదు."

నాకు కోపం వచ్చింది. "ఏటైంది దీనికి?"

"నోరు మూసుకుపోతంది. బరువంతా ఒక బుజం మీదే. ఒంగితే ముందుకొచ్చి నిచ్చెన్ని తగుల్తంది. నాను సెప్తే నీకు తెల్దు. రా, సూడు."

ఆమె అందరినీ నువ్వనే అంటుంది, ఇంజనీరునైనా సరే. అందులో అమర్యాద లేదు. ఆ 'రా' కూడా అలాంటిదే, ఇంటికి పిలిచినట్టే ఉంది. మా ఆయన మాత్రం నవ్వాడు. "కొండెక్కి కొలతలు తీసుకున్న టైలర్ని ఎక్కడైనా సూసేవా?" అన్నాడు. అంటూనే కొట్టుకి తాళం వేసి, మర్నాటి జీపులో నాకు చోటు మాట్లాడి పెట్టాడు.

జీపు దిగాక గంటసేపు నడక. ఆ తోటలో మొదట నాకు కనిపించింది నిచ్చెన. అది నిచ్చెన కాదు, ఒంటి వెదురు బొంగు. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు కొద్దిగా వదిలేసి నరికారు. వాటి మీదే కాలి వేళ్ళు ఆనించి ఎక్కాలి. "ఎక్కు," అందామె. కింద ఆమె పట్టుకుంటే నాలుగు కణుపులు ఎక్కాను. ఒక చెయ్యి బొంగుని వదలనంది. రెండో చేత్తో ఒక గుత్తి తెంపి, నేను కుట్టిన సంచి జిప్పు ఎక్కడుందో తడుముకున్నాను. గుత్తి జారి కింద పడింది. ఆమె నవ్వలేదు.

దిగి, తీగ కిందే కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాం. బరువు రెండు భుజాల మీదా పడాలి. సంచి పొట్ట మీద కాదు, కుడి పక్కన ఉండాలి. నోరు ఎప్పుడూ తెరుచుకుని ఉండాలి. అది ఎలాగో నాకు తోచలేదు. పక్కనే చేట అల్లుతున్న వాళ్ళత్త ఒక సన్నటి వెదురు బద్ద చీల్చి, వంచి, రెండు కొసలూ కట్టి నా ఒళ్ళో వేసింది. నడుం పట్టీలో ఎలాస్టిక్ దూర్చినట్టు దాన్ని సంచి అంచులో దూర్చి కుట్టేయొచ్చు.

"నిండితే సంచి ఇప్పకుండానే కుమ్మరించాల," అంది కోడలు.

అది నాకు తెలిసిన విద్యే. అడుగున కుట్టు వేయకుండా లంగాకి ఎక్కించినట్టు నాడా ఎక్కిస్తాను. నాడా లాగితే మొత్తం కింద పరిచిన గోనె మీద పడుతుంది. ఆ మాట చెప్పగానే అత్తాకోడళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. "తలకిందుల లంగా!" అంది పెద్దామె. ఆ ఊళ్ళో ఇప్పటికీ దాని పేరు అదే.

కాలనీవాళ్ళు వదిలేసిన కర్టెన్ల బట్ట గట్టిది, బరువు తక్కువది. దాంతోనే కుట్టాను. నీలం పువ్వుల కర్టెను ముక్కతో కుట్టిన సంచి వేసుకుని ఆమె మళ్ళీ చెట్టెక్కింది. నేను కింద బొంగు పట్టుకున్నాను. వంకర చెయ్యి బొంగు చుట్టూ, మంచి చెయ్యి తీగ మీద. పైనుంచి కేకేసింది: "అక్కా, పడనులే! ఒదిలీ!"

ఆ కోత అయ్యేలోపు ఆమె ఊరి నుంచి మరో పదిమంది వచ్చారు. సంతలో చూసి పక్క ఊళ్ళవాళ్ళు అడిగారు. కార్తీకంలో కాఫీ పళ్ళ కోత మొదలవగానే, వానకి తడవని బట్టతో కావాలన్నారు. కర్టెన్లు అయిపోయి, నర్సీపట్నం నుంచి గుడ్డ తాన్లు తెప్పించాను. నా క్యాలెండరే మారిపోయింది. ఇప్పుడు నేను ఒకటో తారీకు కోసం చూడను. కాఫీ పూసిందా, మిరియం గింజ కట్టిందా అని జీపు దిగినవాళ్ళని అడుగుతాను. వానలు ఎక్కువైన ఏడు కాపు తగ్గింది, నాకూ పని తగ్గింది. అయినా భయం వేయలేదు. పైన తోటలున్నన్నాళ్ళు ఏదో ఒక పంట ఉంటుంది, దానికో సంచి కావాలి. నాడాలు ఎక్కించడం మా ఆయనే నేర్చుకున్నాడు, సాయంత్రాలు క్యాంటీన్ నుంచి రాగానే అదే పని.

మొన్న తొలకరికి ఆమె ఒక తడిగుడ్డలో మిరియాల తీగ కొమ్మలు చుట్టి తెచ్చింది. నన్నడగకుండానే కొట్టు వెనక పనసచెట్టు మొదట్లో గొయ్యి తీసి పాతింది.

"మూడేళ్ళకి కాత్తాది," అంది చేతులు కడుక్కుంటూ. "మేకలు రాకుండా సూసుకో."

మర్నాడే ఓ మేక వచ్చి ఒక ఆకు తినేసింది. చుట్టూ ముళ్ళకంప నాటాను. ఈ వారం తీగ రెండు కొత్త ఆకులు వేసింది.