కొండ దిగొచ్చి చెప్పమన్న మనిషి

మా పైవాటా డ్రిల్ టీచర్ పోయింది. పొద్దున నడకకు హబ్సిగూడ దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి ఆమె చెల్లెలు గేటు దగ్గర నిలబడి ఉంది. అక్కను చూసుకోవడానికి జనగామ నుంచి వచ్చి ఉంటున్న ఆ అమ్మాయి ఊరికే మెట్లు దిగే మనిషి కాదు. నన్ను చూడగానే, "అమ్మా, అక్క పోయింది. మీరు వోయినంక ఒకపారి తలుపు దిక్కు సూసింది, గంతే," అంది.

అలాంటప్పుడు ఏమనాలో నేను చదివిన చదువులో ఎక్కడా చెప్పలేదు. "కాఫీ తాగావా?" అని అడిగాను.

టీచర్ నాకంటే పదేళ్లు చిన్నది. పెద్దవాళ్లుండగా ముందు నడవకూడదన్న మర్యాద ఆమెకు బతికున్నప్పుడూ లేదు.

ఉప్పల్, నాచారం వాళ్లలో కొందరికి ఆమె తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. నాచారంలో ఒక ఆడపిల్లల బడిలో డ్రిల్ నేర్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు, "విజిల్ ఊదితే నిలవడెటోడు దొరకలే" అని చెప్పేది. ఆదివారం పొద్దున చర్చికి ఇచ్చి, మిగతా వారమంతా జనానికి ఇచ్చేసేది. రిటైరయ్యాక ప్రతి వేసవిలోనూ ఒక గుంపును వెంటేసుకుని ఉత్తరాఖండ్ వెళ్లేది. అక్కడి ఊరి గైడు ముందు నడుస్తుంటే, మంచు కరగని ఒక కనుమ దాకా వాళ్లను ఎక్కించి దించి తీసుకొచ్చేది. వెళ్లే ప్రతివాళ్లూ తమకు తెలిసినవాళ్ల దగ్గర చందా అడగాలి. ఆ చందా బోడుప్పల్‌లో ఉన్న ఒక చిన్న సంస్థకు పోతుంది. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు నర్సులను పంపి, పుండ్లు కడిగించి, నొప్పికి మందులిప్పించే సంస్థ అది. ప్రయాణం ఖర్చు మాత్రం ఎవరిది వాళ్లదే. "ఎక్కే సరదా మనది, దాని ఖర్సు మనదే. అడిగి తెచ్చింది మంచం మీదోళ్లది. రెండు కలిపినోన్ని మంచుల పాతిపెట్టొస్త" అనేది. ఎవరూ కలపలేదు.

ఇంతవరకైతే మంచి పనులు చేసే చాలామందిలో ఆమె ఒకతె అయ్యేది. ఆమె పెట్టిన ఆచారం ఒకటుంది, అది ఇంకెక్కడా నేను వినలేదు. కొండకు బయలుదేరే ముందు శనివారం, ఒక్కొక్కరూ ఒక్కో మంచం దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. "మీ కోసం ఏం చూసి రమ్మంటారు?" అని అడగాలి. కొండ దిగి ఇంటికొచ్చాక, స్నానం తరువాతి పని మళ్లీ ఆ మంచం దగ్గరికి వెళ్లి నడకంతా చెప్పడమే. ఫొటోలు చూపించకూడదు. ఫోన్ చెప్పుల దగ్గర వదిలేసి లోపలికి రావాలి.

"ఫొటో సూపిస్తె గడియల అయిపోతది. చెప్తె జర సేపు కూసుంటరు. మందుబిళ్లలు ఇచ్చెటోళ్లు దొరుకుతరు అక్కా, ముచ్చట జెప్పెటోళ్లే దొరుకుతలేరు."

హబ్సిగూడలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు మొదటిసారి వెళ్లొచ్చి, ఉప్పల్ సందులో ఒక ముసలామె మంచం పక్కన కూర్చుని ఎత్తెంతో, చలెంతో, ఆక్సిజన్ ఎంత తగ్గిందో అంకెల్లో అప్పజెప్పాడట. ఆమె ఓపిగ్గా అంతా విని, "అయితే గంత సలిల దొడ్డికి యాడికి వోయిన్రు బిడ్డా?" అని అడిగింది. పిల్లవాడు ఎర్రబడిపోయాడు. తలుపు దగ్గర నిలబడ్డ మా టీచర్, "చెప్పుర! అసలు ముచ్చట ఇప్పుడొచ్చింది" అంది. అప్పుడు మొదలుపెట్టి చీకటిపడేదాకా చెప్పాడట.

నన్ను ఈ కొండల్లోకి లాగిన తీరు చెప్పాలి. మావారు ఇక్కడి పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ఆయన పోయాక నేను గడప దాటడం మానేశాను. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, ఇంట్లో పుస్తకాలకు కొదవలేదు. టీచర్ ఒకరోజు కిందికి దిగొచ్చి నా తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అక్కా, బయటికి రాక ఎన్ని దినాలైంది?"

"బియ్యం యాప్‌లో వస్తున్నాయి, కూరగాయలు యాప్‌లో వస్తున్నాయి. బయట నాకేం పని?"

"గట్లనా? మరి మనుషులను గూడ యాప్‌లనే తెప్పిచ్చుకో."

మర్నాటి నుంచి, రోడ్ల మీదుగా నడిచేవాళ్ల కోసం కట్టిన ఉప్పల్ స్కైవాక్ మెట్లెక్కించడం మొదలుపెట్టింది. వీపున సంచి, సంచిలో నీళ్ల సీసాలు. అక్కడి సెక్యూరిటీ అతను, "ఏ ఊరికి పోతున్నవమ్మా?" అని రోజూ అడిగేవాడు. పైకెక్కి మళ్లీ దిగిపోతుంటే జాలిపడి దారి చూపించబోయేవాడు. డాక్టరు నా గుండెను అన్ని రకాలుగా పరీక్షించి, అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరక్క, నేనూ కొండకు వెళ్లడానికి ఒప్పుకున్నాడు.

నాకు కేటాయించిన మంచం అంబర్‌పేట్‌లో. పక్షవాతంతో నడుము కింద కదలిక పోయిన బస్సు కండక్టరు. "మేడం, కనుమ అంటున్నరు గద. అవుతలి దిక్కు ఏముంటదో సూసి చెప్పుండ్రి" అన్నాడు. ఎంత చిన్న కోరిక అనుకున్నాను.

కనుమ కిందనున్న ఆఖరి మజిలీలో గాలి పలచబడింది. తల లోపల ఎవరో క్లాసు బల్లలన్నీ ఈడుస్తున్నట్టు నొప్పి. తిన్నది నిలవలేదు. గైడు నా కళ్లలోకి చూసి, హిందీలో ఒక్క మాటన్నాడు: "మాతాజీ, ఇక్కణ్ణుంచి కిందికే." వాదించాను. చరిత్ర లెక్చరర్‌గా ఇంతకుముందు ఏ వాదనలోనూ అంత త్వరగా ఓడిపోలేదు. మా టీచర్ గుంపును గైడుకు అప్పగించి, నా సంచి కూడా తన భుజాన వేసుకుని, నాతోపాటు దిగువ మజిలీకి వచ్చేసింది.

గుడారం ముందు కూర్చున్నాక, "నా వల్ల నువ్వూ ఆగిపోయావు" అన్నాను.

"నిన్నొక్కదాన్ని ఇడిచిపెడ్తె, ఉన్న ఒక్క వంటాయనను పట్టుకొని పానిపట్టు పాఠం జెప్తవ్. ఆయనకు పెండ్లాం పిల్లలున్నరక్కా."

నవ్వితే తల మరింత నొప్పి పెట్టింది. రెండు రోజులు ఇద్దరం అక్కడే ఉన్నాం. హిమాలయాల్లో నేనేం సాధించానని ఎవరైనా అడిగితే, ఒక డబ్బా అల్లం మురబ్బా పూర్తి చేశానని చెబుతాను.

తిరిగొచ్చి కండక్టరు మంచం పక్కన కూర్చున్నాను. అవతలి వైపు చూడలేదని, మధ్యలోనే దిగిపోయానని చెప్పాను. "స్టేజీ రాకముందే దిగిన్రన్నట్టు. ఏం కాదు. దిగినకాడ ఏముండెనో గది చెప్పుండ్రి" అన్నాడు. మంచు పలక అడుగునుంచి నీళ్లు పారే చప్పుడు చెప్పాను. తడిసిన ఉన్ని వాసన చెప్పాను. కంచరగాడిదలు మెడగంటలతో వచ్చి మా గుడారం తాళ్లు నాకడం చెప్పాను. నేను ఆగినప్పుడల్లా ఆయన, తరవాతేమైందని, "మల్ల?" అనేవాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఒక్క విద్యార్థీ నన్ను "మళ్లీ?" అని అడగలేదు.

టీచర్ కూడా తను వెళ్లి చెప్పాల్సిన మంచం దగ్గర నా కథే చెప్పిందట. "నిన్ను మోస్కొచ్చిన ముచ్చట జెప్తె పాపం నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కనుమ ముచ్చటకు ఎన్నడు గంత నవ్వలే" అంది.

ఆమె ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని పోయినేడు తెలిసింది. అంత ఎత్తున, అంత పలచని గాలిలో విజిల్ ఊదిన మనిషికి ఇంటి గాలి చాలకుండా పోయింది. మెట్లు దిగడం మానింది, ఆపైన మంచం దిగడం మానింది. బోడుప్పల్ నర్సు ఆమె ఇంటికే రావాల్సి వచ్చింది. ఆ అమ్మాయి సూది తీసి పట్టుకుని ఏడ్చేస్తే, "డ్యూటీల ఏడుస్తరా? సక్కగ నిలవడు" అని ఆయాసపడుతూ కోప్పడింది.

ఈ ఏడు గుంపు ఆమె లేకుండానే బయలుదేరింది. వెళ్లే ముందు శనివారం పైవాటాకు వచ్చారు. ఒకప్పటి ఆ సాఫ్ట్‌వేర్ కుర్రాడే ఇప్పుడు పెద్ద. "మేడం, మీ కోసం ఏం చూసి రమ్మంటారు?" అని అడిగాడు. ఆమె తలగడ మీద తల నావైపు తిప్పింది.

"నాకు మనిషున్నది. మీరు వేరేటోళ్లను సూస్కోండ్రి."

"నేనా? ఈ మోకాళ్లతో హిమాలయాలా?" అన్నాను.

"హిమాలయాలకు ఎవరు పొమ్మన్నరు? నాచారం పో. పొయ్యొచ్చి చెప్పు."

అలా మొదలైంది. తెల్లారగానే ఒకరోజు నాచారం, ఒకరోజు ఉప్పల్ రింగు రోడ్డు, ఒకరోజు హబ్సిగూడ. తిరిగొచ్చి, చెప్పుల పక్కన ఫోన్ వదిలి, ఆమె పక్కన కూర్చునేదాన్ని. మొదట్లో ఆమెకు నా చెప్పడం నచ్చలేదు.

"రొట్టెలామె ఉన్నదా మూలమీద?"

"ఉంది."

"చెయ్యి కాలిందన్నది గద. మానిందా?"

"చూడలేదు."

"మరేం సూసినవ్? మల్ల పో."

మళ్లీ వెళ్లాను, నిజంగానే. చెయ్యి మానింది, మచ్చ మిగిలింది. రొట్టె తిప్పేటప్పుడు ఇంకా ఆ చేతిని కాస్త ఎత్తి పట్టుకుంటోంది. అది చెబితే టీచర్ కళ్లు మూసుకుని తలాడించింది. అప్పటినుంచి చూడటం నేర్చుకున్నాను. హాస్టల్ మెట్ల మీద నోట్లో బ్రష్షుతో లెక్కలు చేసుకునే పిల్లలు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగి టీ బండి దగ్గర నిలబడే నిద్రమొహాలు, మెట్రో స్తంభం నీడ జరిగినకొద్దీ తన స్టూలు జరుపుకునే చెప్పులు కుట్టే ఆయన. ఆమె ఊపిరి చాలినప్పుడు "మల్ల?" అనేది. చాలనప్పుడు వేలు ఎత్తేది. నేను చెప్పేదాన్ని.

మా అమ్మాయి బెంగళూరు నుంచి రోజూ ఫోన్ చేస్తుంది. మందులేసుకున్నావా, తిన్నావా అని అడుగుతుంది. మంచి పిల్ల. వాటికి అవునంటే చాలు. మావారు పోయాక, అవునంటే సరిపోని ప్రశ్న నన్ను అడిగినది టీచర్ ఒక్కతే.

ఆమెను మట్టి చేసే వేళకు గుంపు ఇంకా కొండ మీదే ఉంది. అక్కడ సిగ్నల్ ఉండదు. కింది ఊరికి దిగాకే వాళ్లకు తెలిసింది. పోయిన ఆదివారం అందరూ మా ఇంటికొచ్చారు. ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట చెప్పుల వరస, దాని పక్కన ఫోన్ల వరస. కబురు విన్న గైడు కంచరగాడిదల మీద కట్టేసిన సామానంతా విప్పి, మళ్లీ మొదటినుంచి కట్టాడట. "మళ్లీ?" అన్నాను. ఆ కుర్రాడు కళ్లు తుడుచుకుని చెప్పుకుంటూ పోయాడు. కనుమకు అవతల ఏముందో ఆ రోజే మొదటిసారి పూర్తిగా విన్నాను. చెప్పి, కాఫీలు తాగి, వెళ్లిపోయారు. ఇంట్లో గ్లాసుల చప్పుడు, వాటిని కడిగే నేను.

వాళ్లందరికీ వెళ్లి చెప్పడానికి తలా ఒక మంచం ఉంది. నేను నడిచొచ్చింది చెప్పాల్సిన మంచం మాత్రం ఖాళీ. రామంతాపూర్‌లో ఒకామెకు మాట్లాడేవాళ్లు లేరు, వస్తారా అని నర్సు అడిగింది. చూద్దామన్నాను. ఒక మంచానికి బదులు ఇంకో మంచం సరిపోతుందనుకునే వయసు నాకు దాటిపోయింది. అయినా తెల్లారితే కాళ్లు వీధిలోకి నడుస్తున్నాయి.

ఇవాళ చూసింది ఇంకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను. నాచారంలో ఒక బడి ప్రహరీకి ఇనప కడ్డీలున్నాయి. లోపల చిన్నపిల్లలకు డ్రిల్ జరుగుతోంది. కొత్త టీచర్ విజిల్ ఊదితే, వరసలో మధ్య ఎడం సరిచూసుకోవడానికి పిల్లలంతా చేతులు ముందుకు చాచి, ముందున్న పిల్ల భుజాల మీద ఆనించారు. అందరికంటే ముందున్నది బాగా చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది. తను చాచనక్కర్లేదని ఎవరూ చెప్పినట్టు లేదు. తనూ చేతులు బారుగా చాచింది. రెండో విజిల్‌కు వెనకవాళ్లంతా చేతులు దించేశారు. ఆ పిల్ల మాత్రం వేళ్లు విప్పుకుని, ముందున్న ఖాళీ మైదానం మీదికి, చేతులు అలాగే చాపి నిలబడి ఉంది.