మేడం తుంటిలోని లోహం

మా మేడం మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. పటమట నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి, "అక్క వెళ్ళిపోయిందండీ" అన్నారు.

విజయవాడ కాలేజీలో నాకు పరిశోధన నేర్పింది ఆవిడే. విరిగిన ఎముకల్లో అమర్చే లోహం పైభాగం ఎలా ఉంటే ఎముక దాన్ని తనదనుకుంటుందో ఆవిడ జీవితమంతా వెతికారు. లోహానికి చేతి జిడ్డు తగిలితే ఎముక కణాలు దానికి సరిగ్గా అంటవని, ప్రయోగం ఉన్న రోజున తలకు నూనె రాసుకునేవారు కాదు, మమ్మల్నీ రాసుకోనిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో మా ల్యాబులో అందరి తలలూ పిచ్చుక గూళ్ళే.

మొదటిసారి ప్రయోగానికి కావలసిన టైటానియం బిళ్ళలు నేనే ఆటోనగర్‌లో కోయించుకొచ్చాను. కాలేజీ మేడంగారి పని అని చెప్పానేమో, లేత్ మేస్త్రి ముచ్చటపడి అద్దంలా మెరుగు పెట్టి ఇచ్చాడు. నేనూ మురిసిపోయాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు.

"చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చయ్యా! ఎముక పట్టుకోడానికి కాస్త గరుకు ఉండొద్దూ?"

ఆ మెరుగంతా యాసిడ్‌తో పోగొట్టేసరికి నాకు తాతలు దిగొచ్చారు.

నాలుగేళ్ల క్రితం జారిపడి ఆవిడకే తుంటి విరిగింది. ఈ వయసులో సిమెంటుతో అతికించడమే మంచిదన్న డాక్టరుతో వాదించి, సిమెంటు లేకుండా తొడ ఎముకలోకి దించే, పైన గరుకుగా, కింద నున్నగా ఉండే టైటానియం కాడ వేయించుకున్నారు. ఎముక దాన్ని పట్టకపోతే మళ్ళీ ఆపరేషనే. నడక వచ్చింది, ఎక్స్‌రే బాగుందన్నారు. ఆవిడకు మాత్రం తృప్తి లేదు.

"అది నీడేనయ్యా. నిజంగా పట్టిందో, ఊరికే ఆనుకునుందో చూడాలంటే బయటికి తియ్యాలి. తీస్తే నేనెట్టా నడిచేది?" అనేవారు.

నవ్వుతూనే అనేవారు గానీ, ఇన్నేళ్లు మాకు చెప్పిన పాఠం తన ఒంట్లో నిజమైందో లేదో తెలియదని ఆవిడకు బెంగ.

అస్థికలు ఏరే రోజు వాళ్ళ తమ్ముడు నన్నూ కృష్ణ ఒడ్డున శ్మశానానికి రమ్మన్నారు. పాలు చల్లి బూడిద కదపగానే ఆ కాడ బయటపడింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"దీన్నేం చెయ్యాలండీ?"

తీసి కడిగాను. నున్నటి కింది భాగంలో ఏమీ లేదు. పైన గరుకు ఉన్నచోట తెల్లగా ఎముక. గోటితో గీకితే అంచులు రాలాయి గానీ మిగిలింది లేవలేదు.

"పట్టింది మేడం," అన్నాను పైకే. ఆవిడకు చూపించలేకపోయానే అని అప్పుడు ఏడుపొచ్చింది.

"అక్క ఎముకేనా అది?"

"అవునండీ. వదల్లేదు."

దాన్ని నీళ్ళలో కలపాలో, ఇంటికి తీసుకెళ్లాలో ఇద్దరికీ తోచలేదు. ఎండలో చెరో కొసా పట్టుకుని, ఆ తెల్లటి పొర ఆరేదాకా అలాగే నిలబడ్డాం.