తెలకపల్లి జొన్న చేనులో నా రాక్ ఆల్బమ్‌లు

పోయిన నెల మా బామ్మర్ది యాదగిరి వచ్చి "బావా, నీ ఇంగ్లీషు పాటల క్యాసెట్లు జర ఇయ్యి" అంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. ఇన్నేళ్ళుగా దాచుకున్న రాక్ ఆల్బమ్‌లను మా వాళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. డెబ్బైల నుంచి రెండు వేల దశకం దాకా, పదేళ్ళకు ఒకటి చొప్పున నాకు ప్రాణమైనవి నాలుగు ఏరి, ముందు ఏ వైపు వినాలో కూడా చెప్పి ఇచ్చాను.

ఈ రోజు తెలకపల్లిలో అతని జొన్న చేనుకు వెళ్ళాను. కంకుల మీదుగా కట్టె నుంచి కట్టెకు లాగి కట్టిన క్యాసెట్ రీలు ఎండకు తళతళ మెరుస్తోంది. గట్టు మీద నా నాలుగు డబ్బాలు ఖాళీగా పడి ఉన్నాయి.

"ఏందిరా ఇది?"

"గాలికి ఝుమ్మంటది బావా. పిట్ట ఒక్కటి వాలుతలేదు."

"మీ ఇంట్ల సినిమా పాటల క్యాసెట్లు లేవా?"

"గవి మేం వింటం గద. నీయి ఎవ్వరు వినరు, అడిగితె ఇస్తడని అక్కనే చెప్పింది."

అక్క అంటే నా భార్య. పెళ్ళైన కొత్తలో ఆ డెబ్బైల ఆల్బమ్ వినిపిస్తే "మస్తుగుంది" అంది. ఆ ఒక్క మాట నమ్మి, పోయిన నెల దాకా ఇరవై ఎనిమిదేళ్ళు ప్రతి ఆదివారం ఆమెకు అదే వినిపించాను.

ఇంటికి రాగానే మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి అడిగింది: "పిట్టలు పోయినయా?"

పెళ్ళైన కొత్తలో మీకు దొరికిన 'మస్తుగుంది'లను మీరూ ఒకసారి సరిచూసుకోండి.